ధీరవనిత ఐడా వెల్సు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వరకు ఉత్తర, దక్షిణ రాష్ట్రములకు నడుమ గొప్ప అంతర్యుద్ధము జరిగెను. ఆ యుద్ధమున ఉత్తర రాష్ట్రములు జయము నొందెను. 1865లో రాజ్యాంగమునకు చేయబడిన 13వ సవరణ బానిసత్వమును దేశమంతటను నిషేధించెను. అంతవరకు సంతలలో పశువులవలె అమ్ముడుపోవుచుండిన సుమారు 40 లక్షలమంది నల్లజాతివారు స్వతంత్రులైరి. 1868లో 14వ సవరణ వారికి పౌరసత్వమును, 1870లో 15వ సవరణ వారిలో పురుషులకు ఓటుహక్కును ప్రసాదించెను. కాని కాగితముపై వ్రాసిన హక్కు అనుభవములోనికి వచ్చుటకు చాలకాలము పట్టును. 1877లో కేంద్రప్రభుత్వ సైన్యములు దక్షిణ రాష్ట్రములలో తమ కాపుదల మానుకొనిన పిదప, అచటి పూర్వపు యజమానుల వర్గము అధికారమును మరల చేజిక్కించుకొనెను. నల్లజాతివారి ఓటును, గౌరవమును, తుదకు ప్రాణములను సయితము హరించుటకు వారు వెనుదీయలేదు. ఆ చీకటి దినములలో కలమును చేతబూని ఆ అన్యాయమును లోకమునకు చాటిన ధీరవనిత ఐడా బెల్ వెల్సు.

ఐడా 1862వ సంవత్సరము జూలై 16వ తేదీన మిసిసిపీ రాష్ట్రములోని హోలీ స్ప్రింగ్సు అను పట్టణమున జన్మించెను. అప్పటికి ఆమె తలిదండ్రులు బానిసలు. కనుక పుట్టుకతో ఆమెయు బానిసయే. తండ్రి జేమ్సు వెల్సు వడ్రంగము నేర్చినవాడు. తల్లి ఎలిజబెత్తు వంటపనిలో నేర్పరి. ఎలిజబెత్తు చిన్ననాడే వర్జీనియా రాష్ట్రమునుండి అమ్మబడి, కన్నవారికిని తోబుట్టువులకును దూరమయ్యెను. స్వేచ్ఛ లభించిన పిదప ఆమె తనవారికొరకు పలుమారు ఉత్తరములు పంపి విచారించెను గాని, వారి జాడ ఎన్నటికిని తెలియలేదు. బానిసత్వము పోయినను అది చేసిన గాయము మానలేదనుటకు ఆ తల్లి జీవితమే నిదర్శనము.

జేమ్సు స్వతంత్రుడైన పిమ్మట కొంతకాలము పూర్వపు యజమానియొద్దనే కూలికి పనిచేయుచుండెను. ఇంతలో ఎన్నికలు వచ్చెను. తాను చెప్పిన పక్షమునకే ఓటు వేయవలెనని యజమాని ఒత్తిడి చేసెను. జేమ్సు తన మనస్సునకు నచ్చిన పక్షమునకే ఓటు వేసెను. తిరిగివచ్చి చూచుసరికి పనిశాలకు తాళము వేసియుండెను. అతడు ఎవరితోను వాదమునకు దిగలేదు. బజారునకు పోయి క్రొత్త పనిముట్లను కొనెను. వేరొక ఇల్లు అద్దెకు తీసికొని, కుటుంబమును అచటికి మార్చి, తన పనిని తానే ప్రారంభించెను. ఓటు విలువ ఎంతటిదో, దానిని అమ్ముకొననివాని బ్రతుకు ఎట్టిదో ఐడా తన ఇంటనే నేర్చుకొనెను.

స్వతంత్రులైన వారికి విద్య నేర్పుటకై ఆ పట్టణమున ఒక విద్యాలయము వెలసెను. అదియే తరువాతి కాలమున రస్టు కళాశాల యని పేరొందెను. జేమ్సు దాని ధర్మకర్తలలో ఒకడు. బిడ్డలతోపాటు తల్లియు బడికి పోయి, బైబిలు చదువగలుగువరకు అక్షరములు నేర్చుకొనెను. ఐడా చదువులో చురుకైన బాలిక. ఇంటికి వచ్చిన తండ్రి స్నేహితులకు వార్తాపత్రికలు చదివి వినిపించుట ఆమె బాల్యమున చేసిన పనులలో ఒకటి.

1878వ సంవత్సరమున ఆ ప్రాంతమున పచ్చజ్వరము మహామారియై వ్యాపించెను. అప్పటికి ఐడాకు 16 ఏండ్లు. ఆమె పల్లెలోనున్న నాయనమ్మ ఇంటికి పోయియుండగా, తలిదండ్రులును, పసివాడైన తమ్ముడును ఆ జ్వరమునకు బలియైరను వార్త వచ్చెను. జ్వరము తగ్గువరకు పట్టణమునకు పోవలదని పెద్దలు వారించిరి. ఆ మార్గమున మనుష్యులు ప్రయాణము చేయు రైలుబండ్లు కూడ నిలిచిపోయెను. ఐడా ఒక సామానుబండి నెక్కి బయలుదేరెను. అంతకుముందు జ్వరమువలన మరణించిన ఇద్దరు రైలు ఉద్యోగుల జ్ఞాపకార్థము ఆ పెట్టెకు నల్లని గుడ్డలు కట్టియుండెను. ఆమె భయపడలేదు. తోబుట్టువులకు తాను తప్ప దిక్కులేదను ఒక్క తలంపుతోనే ఆమె ఇల్లు చేరెను.

తండ్రి స్నేహితులు సమావేశమై ఆ పిల్లలను తలకొక ఇంట పంచుటకు నిశ్చయించిరి. నడువలేని చెల్లెలు యుజీనియాను తీసికొనుటకు మాత్రము ఎవరును ముందునకు రాలేదు. ఆమెను అనాథల ఆశ్రమమునకు పంపవలెనని తలచిరి. ఐడా దానికి ఒప్పుకొనలేదు. తమకు తండ్రి కట్టించిన ఇల్లు కలదనియు, తనకు పని చూపించినచో అందరిని తానే పోషించుకొందుననియు ఆమె పెద్దలకు తెలిపెను. ఉపాధ్యాయ పరీక్షలో నెగ్గి, పెద్దదానివలె కనబడుటకై గౌనుల అంచులు విప్పి పొడుగు చేసికొని, ఆరు మైళ్ల దూరమునగల ఒక పల్లె బడిలో పనికి కుదిరెను. జీతము నెలకు 25 డాలర్లు. వారమంతయు అచటనే యుండి, శుక్రవారమునాడు కంచరగాడిదపై ఇల్లు చేరి, శని ఆదివారములలో వంటలు చేసి, బట్టలుతికి, ఇస్త్రీ చేసి మరల పనికి పోవుచుండెను. ఆటపాటల ప్రాయమున ఆమె భుజములపై పడిన భారమిది.

కొంతకాలమునకు ఐడా టెనెస్సీ రాష్ట్రములోని మెంఫిస్ నగర ప్రాంతమునకు చేరి అచట ఉపాధ్యాయినిగా పనిచేయుచుండెను. ఒకనాడు ఆమె మొదటి తరగతి చీటి కొని, రైలులో స్త్రీలకు ప్రత్యేకించిన పెట్టెలో కూర్చుండెను. రైలు ఉద్యోగి వచ్చి, ఆమె నల్లజాతిదగుటచే ఆ పెట్టెను విడిచి, పొగత్రాగువారు కూర్చుండు ముందరి పెట్టెలోనికి పొమ్మని ఆజ్ఞాపించెను. ఆమె కదలలేదు. అతడు చేయి పట్టి లాగగా ఆమె అతని చేతిని కరచెను. అంతట అతడు మరి ఇద్దరి సహాయముతో ఆమెను బలవంతముగ ఈడ్చివేసెను. పెట్టెలోని తెల్లవారు కొందరు చప్పట్లు చరచిరి. అవమానముతో ఆ రెండవ పెట్టెలో ప్రయాణము చేయుటకంటె దిగిపోవుటయే మేలని ఐడా రైలు దిగెను.

ఆమె ఊరకుండక రైలుసంఘముపై దావా వేసెను. 1884 డిసెంబరులో క్రింది న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పుచెప్పి 500 డాలర్లు నష్టపరిహారముగ నిప్పించెను. కాని రైలుసంఘమువారు పైకోర్టుకు పోగా, 1887లో టెనెస్సీ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసి, ఖర్చులు కూడ ఆమెయే భరింపవలెనని శాసించెను. అప్పటికే, 1883లో, బహిరంగస్థలములలో సమానహక్కులను కల్పించిన 1875 నాటి చట్టమును దేశపు సర్వోన్నత న్యాయస్థానము చెల్లదని కొట్టివేసియుండెను. చట్టము తన జాతిని కాపాడునని ఐడా పెట్టుకొన్న నమ్మకము ఆనాడు తీవ్రముగ దెబ్బతినెను. అయినను ఆ వ్యాజ్యము వృథా కాలేదు. దానిని గూర్చి ఆమె ఒక పత్రికకు వ్రాసిన వ్యాసము పలువురిని ఆకర్షించెను. అయోలా అను కలముపేరుతో ఆమె రచనలు దేశమందలి నల్లజాతివారి పత్రికలలో ప్రకటింపబడసాగెను.

1889లో ఐడా మెంఫిస్ నగరమున వెలువడుచుండిన ఒక వారపత్రికలో భాగస్వామియై, దానికి సంపాదకురాలయ్యెను. ఫ్రీ స్పీచ్ అని ప్రసిద్ధికెక్కిన ఆ పత్రికను ఆమె గులాబిరంగు కాగితముపై అచ్చువేయించెను. చదువురానివారు ఆ పత్రిక నడిగినప్పుడు అమ్మకగాండ్రు మోసగించి వేరొక పత్రిక ఇచ్చుచుండుటయే దీనికి కారణము. రంగును చూచి ఎవరైనను తమ పత్రికను గుర్తింపగలిగిరి; ఇంటికి తీసికొనిపోయి చదువువచ్చినవారిచేత చదివించుకొనిరి. నల్లజాతి పిల్లల బడులు హీనస్థితిలో నున్నవని ఆమె 1891లో నిర్మొగమాటముగ వ్రాసెను. తత్ఫలితముగ నగరాధికారులు ఆమెను ఉపాధ్యాయ పదవినుండి తొలగించిరి. జీతము పోయినను ఆమె వ్రాసినదానిని మరల్చుకొనలేదు. నాటినుండి పత్రికయే ఆమెకు జీవనాధారమయ్యెను.

మెంఫిస్ నగరమున థామస్ మాస్ అను యువకుడుండెను. అతడు పగలు తపాలా బంట్రోతుగా పనిచేయుచు, రాత్రులందు మిత్రులతో కలిసి పెట్టిన కిరాణా దుకాణమును చూచుకొనుచుండెడివాడు. అతని కుటుంబమునకు ఐడా ఆప్తురాలు. ఆ పేటలో అంతవరకు ఒక తెల్లవాని దుకాణమే యుండెను. క్రొత్త దుకాణమువలన వానికి బేరములు తగ్గెను. గోళీల ఆటలో పిల్లల నడుమ పుట్టిన చిన్న తగవు పెద్దలకు ప్రాకెను. 1892 మార్చిలో ఒకరాత్రి ఆయుధములు ధరించిన తెల్లవారు కొందరు మాస్ దుకాణముపైకి వచ్చిరి. లోపలనున్నవారు ఆత్మరక్షణకై కాల్పులు జరుపగా ముగ్గురు గాయపడిరి. మాస్‌ను, అతని సహచరులగు కాల్విన్ మెక్‌డోవెల్, విల్ స్టివార్టులను కారాగారమున నుంచిరి. మార్చి 9వ తేదీన తెల్లవారకమునుపే ఒక మూక వచ్చి, ఆ ముగ్గురిని కారాగారమునుండి ఈడ్చుకొనిపోయి కాల్చిచంపెను. విచారణ లేదు, తీర్పు లేదు. హంతకులలో ఒక్కనికిని శిక్ష పడలేదు.

ఈ విధముగ న్యాయవిచారణ లేకుండ మూకలు ప్రాణములు తీయుటను అమెరికాలో లించింగు అందురు. దక్షిణ రాష్ట్రములలో అది నానాటికి పెరుగుచుండెను. మాస్ మరణముతో ఐడా హృదయము దహించుకొనిపోయెను. ప్రాణమునకు, ధనమునకు రక్షణలేని నగరమును విడిచి పశ్చిమ ప్రాంతములకు తరలిపొండని ఆమె తన పత్రికలో నల్లజాతివారికి బోధించెను. కొలది నెలలలోనే 6,000 మందికి పైగా ఇల్లువాకిళ్లమ్ముకొని కదలిపోయిరి. మిగిలినవారు ట్రాముబండ్ల నెక్కుట మానివేసిరి. ట్రాము సంఘపు అధికారులు ఆదాయము తగ్గి దిగులొంది, స్వయముగ ఐడా కార్యాలయమునకు వచ్చి, మరల బండ్లెక్కునట్లు తన వారికి నచ్చజెప్పుమని కోరిరి. ఆమె వారి కోర్కెను మన్నింపలేదు. సరికదా, చర్చిలకు పోయి, నడిచియే పోవలసినదని జనులను మరింత ప్రోత్సహించెను. ఒక జాతి చేతిలో ఆయుధము లేకున్నను, కూలియు కొనుగోలును బలములే యని మెంఫిస్ నగరము ఆనాడు తెలిసికొనెను.

ఆ సమయముననే ఐడా ఒక గొప్ప ప్రశ్నను చేపట్టెను. మూకలచేత చంపబడువారు స్త్రీలపై దౌర్జన్యము చేసిన నేరస్థులని తెల్లవారి పత్రికలు వ్రాయుచుండెడివి. ఉత్తర రాష్ట్రములలోని ఉదారబుద్ధులు సయితము దానిని నమ్మిరి. మాస్ ఎట్టి నేరమును చేయనివాడని ఐడాకు తెలియును. మరి తక్కినవారి మాట యేమి? ఆమె ఘటనలు జరిగిన చోట్లకు పోయి విచారించెను. తెల్లవారి పత్రికలలో వచ్చిన వార్తలనే ప్రోగుచేసి లెక్కించెను. హతులలో సుమారు మూడింట ఒకవంతు మందిపై మాత్రమే అట్టి నింద మోపబడినదని, అదియు పలుచోట్ల నిరాధారమని తేలెను. తక్కినవారిలో కొందరు తెల్లవారితో తగవులాడినవారు, కొందరు వ్యాపారమున పోటీపడినవారు, మరికొందరు ఏ కారణమును లేకయే చంపబడినవారు. శత్రువులు ప్రకటించిన వార్తలనుండియే నిజమును నిరూపించుట ఆమె పద్ధతి. అందుచేతనే ఆమె మాటను కాదనుట ఎవరికిని సాధ్యము కాలేదు.

1892 మే నెలలో ఆమె ఈ సంగతిని పత్రికలో సూచించుచు ఒక చిన్న సంపాదకీయము వ్రాసి, ఫిలడెల్ఫియా నగరమున జరుగు ఒక సభకు పోయెను. నగరమున అలజడి చెలరేగెను. మే 27వ తేదీన మూక కార్యాలయముపై బడి అచ్చుయంత్రమును, అక్షరములను నాశనము చేసెను. ఆమె భాగస్వామి ప్రాణభీతితో ఊరు విడిచి పారిపోయెను. ఐడా తిరిగివచ్చినచో చంపుదుమని బెదిరింపులు వచ్చెను. అప్పటికామె న్యూయార్కు చేరుచుండెను. ఒక్క దినముననే ఆమె ఆస్తియు, ఊరును, వృత్తియు పోయెను. కాని కలము పోలేదు. న్యూయార్కు ఏజ్ పత్రికాధిపతి టి. థామస్ ఫార్చ్యూన్ ఆమెకు తన పత్రికలో స్థానమిచ్చెను. ఆమె తాను సేకరించిన వివరములనన్నిటిని పేర్లతో, తేదీలతో అందు ప్రకటించెను.

ఆ ఏడు అక్టోబరులో న్యూయార్కు, బ్రూక్లిన్ నల్లజాతి స్త్రీలు ఒక సభ చేసి ఆమెను గౌరవించిరి. మిత్రుల మరణమును వర్ణించుచు ఆమె వేదికపై కన్నీరు ఆపుకొనజాలకపోయెను. అయినను ప్రసంగమును మానలేదు. ఆ స్త్రీలు సమకూర్చిన ధనముతో ఆమె మొదటి గ్రంథము అచ్చయ్యెను. 1893లోను, 1894లోను ఐడా బ్రిటనుకు పోయి అనేక నగరములలో ఉపన్యసించెను. అమెరికాలోని ప్రత్తి బ్రిటనులోని మరలకు పోవుచుండుటచే బ్రిటిషువారి అభిప్రాయమునకు దక్షిణ రాష్ట్రముల వర్తకులు వెరవక తప్పదని ఆమె ఎరుగును. లండనులో లించింగును ఖండించు సంఘమొకటి ఏర్పడెను. 1894లో మెంఫిస్ సమీపమున ఆరుగురు నల్లజాతివారిని మూక చంపగా, రెండేండ్లకు పూర్వము మౌనము వహించిన ఆ నగర వర్తకులే ఈసారి బహిరంగముగ ఆ హత్యలను నిందించిరి.

1893లో చికాగో నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగెను. దాని నిర్వహణలో నల్లజాతివారికి తగిన స్థానము లభింపలేదు. ఐడా, పూర్వము బానిసగానుండి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్‌తోను, మరి ఇరువురు మిత్రులతోను కలిసి ఆ అన్యాయమును వివరించు చిన్న పుస్తకమును వ్రాసి సందర్శకులకు పంచిపెట్టెను. ఆ మిత్రులలో ఒకడగు ఫెర్డినాండ్ బార్నెట్ చికాగోలో న్యాయవాది. 1895 జూన్‌లో ఐడా అతనిని వివాహమాడెను. ఆ ఏటనే ఆమె రచించిన ఎ రెడ్ రికార్డ్ అను గ్రంథము వెలువడెను. 1892వ సంవత్సరములో మూకలచేత చంపబడిన 241 మందిలో 160 మంది నల్లజాతివారని ఆమె అందు లెక్కతో చూపెను.

ఐడాకు నలుగురు బిడ్డలు కలిగిరి. చంటిబిడ్డను వెంటబెట్టుకొనియే ఆమె ఊరూరను ఉపన్యాసములు చేసెను. 1898లో దక్షిణ కరొలైనా రాష్ట్రమున ఒక నల్లజాతి పోస్టుమాస్టరును మూక చంపగా, ఆమె అయిదు నెలల శిశువుతో వాషింగ్టనుకు పోయి, అధ్యక్షుడు మెకిన్లీని కలిసి, హంతకులను శిక్షింపవలసినదని కోరెను. 1909లో ఇలినాయ్ రాష్ట్రమునందలి కైరో పట్టణమున ఒక బందీని మూక చంపెను. తన అధీనములోని బందీని కాపాడలేకపోయిన పోలీసు అధికారి పదవిని కోల్పోవలెనని ఆ రాష్ట్రచట్టము. ఆ అధికారి తన పదవిని మరల ఇమ్మని గవర్నరును వేడుకొనెను. పేరుగల న్యాయవాది అతని పక్షమున నిలిచెను. ఐడా న్యాయశాస్త్రము చదివినది కాదు. ఆమె కైరోకు పోయి, వివరములు సేకరించి, గవర్నరు ఎదుట వాదించెను. గవర్నరు ఆ అధికారికి పదవి నీయ నిరాకరించెను.

1909లో నల్లజాతివారి హక్కులకై ఏర్పడిన జాతీయ సంఘపు స్థాపనలో ఆమె పాల్గొనెను. 1910లో దక్షిణమునుండి చికాగోకు వలసవచ్చు యువకులకు పఠనమందిరమును, వసతిని, పనిని చూపు ఒక సంస్థను నెలకొల్పెను. 1913 జనవరిలో నల్లజాతి స్త్రీల ఓటుహక్కుకొరకు ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్బును ప్రారంభించెను. ఆ సంవత్సరము మార్చి 3వ తేదీన వాషింగ్టనులో స్త్రీల ఓటుహక్కుకై గొప్ప ఊరేగింపు జరిగెను. దక్షిణాది తెల్లస్త్రీలకు కోపము వచ్చునను భయముతో, నల్లజాతి స్త్రీలు వెనుక నడువవలెనని కొందరు నాయకురాండ్రు నిర్ణయించిరి. ఐడా దానికి ఒప్పుకొనక పక్కకు తొలగెను. ఊరేగింపు సాగుచుండగా ప్రేక్షకుల గుంపునుండి వెలువడి, తన రాష్ట్రపు స్త్రీల వరుసలో చేరి, వారితో సమముగ నడిచెను.

1919లో ఆర్కన్సా రాష్ట్రపు ఎలేన్ ప్రాంతమున, ప్రత్తికి న్యాయమైన ధర కోరి సంఘముగా ఏర్పడిన నల్లజాతి కౌలుదారులపై దాడి జరిగెను. అనేకులు హతులైరి. నేరము మాత్రము వారిపైననే మోపి, 12 మందికి మరణశిక్ష విధించిరి. దాదాపు 30 ఏండ్ల పిమ్మట ఐడా దక్షిణమున అడుగు పెట్టెను. బందీల బంధువులలో ఒకతెవలె కారాగారమునకు పోయి, వారి కథ విని, గ్రంథముగ ప్రకటించెను. ఇతరులు, సంఘములు సాగించిన న్యాయపోరాటముతో ఆ 12 మందియు తుదకు ఉరినుండి తప్పించుకొని విడుదలైరి.

1930లో ఐడా ఇలినాయ్ రాష్ట్ర శాసనసభకు పోటీచేసి ఓడిపోయెను. 1931 మార్చి 25వ తేదీన, 68వ ఏట, చికాగోలో ఆమె కన్నుమూసెను. అప్పటికి ఆమె వ్రాయుచుండిన స్వీయచరిత్ర ఒక వాక్యము నడుమనే ఆగిపోయెను. కుమార్తె ఆల్ఫ్రెడా దానిని పరిష్కరింపగా 1970లో అది అచ్చయ్యెను. 2020లో పత్రికారచనకై ఇచ్చు పులిట్జర్ సంస్థ ఆమెకు మరణానంతరము ప్రత్యేక గౌరవమునిచ్చెను. లించింగును జాతీయ నేరముగ ప్రకటించు చట్టము అమెరికాలో 2022లో మాత్రమే అమలులోనికి వచ్చెను. ఐడా జీవితకాలమున అట్టి చట్టమును తెచ్చుటకు జరిగిన ప్రయత్నములన్నియు విఫలమైనవి.

ఐడా వెల్సు తన జీవితమున పెక్కు ఓటములను చూచెను. వ్యాజ్యమున ఓడెను, పత్రికను పోగొట్టుకొనెను, పుట్టి పెరిగిన సీమకు దూరమయ్యెను. అయినను, విన్నదానిని గ్రుడ్డిగా నమ్మక, విచారించి, లెక్కించి, నిజమని తేలినదానిని నిర్భయముగ ప్రకటించుటను ఆమె ఎన్నడును విడువలేదు. పరిశోధింపబడిన సత్యమునకు కాలము పట్టినను జయము కలుగునని ఆమె చరిత్రము మనకు బోధించుచున్నది.